కారుకెంత, డ్రైవరుకెంత: ఫార్ములా వన్ లెక్కల ప్రాజెక్టు డైరీ

ఫార్ములా వన్ ఫలితాలన్నీ దించుకుని, డ్రైవర్లకు సొంతంగా ర్యాంకులు కట్టాలని చూసేవాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. నేను ఏ గోతుల్లో పడ్డానో చూసుకుంటే మీకు కనీసం రెండు నెలలు మిగులుతాయి. కారు బలాన్ని తీసేసి, మిగిలినదాన్ని డ్రైవరు బలంగా చూపించే ఒక పట్టిక తయారు చేయాలని మొదలుపెట్టాను. ఆ పట్టిక ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆపేశానో, ఎందుకు ఆపేశానో దశలవారీగా కింద ఉంది.

వాడినవి:
1. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. పైథాన్ (కోడ్ రాసే భాష), పాండాస్ (పట్టికల కోసం అందులో వాడే లైబ్రరీ). అంతకంటే పెద్ద మెషీన్ అక్కర్లేదు.
2. ఎర్గాస్ట్ అనే ఉచిత డేటా సేవలోని టేబుళ్లు. 2024 సీజన్ తర్వాత ఆ సేవ ఆగిపోయింది కాబట్టి నా లెక్కలన్నీ 1950 నుంచి 2024 వరకే. మొత్తం 1,125 రేసులు, 26 వేలకు పైగా వరుసలు.
3. ఒక రూళ్ల నోటుబుక్కు. ఏ వరుసను ఎందుకు తీసేశానో చేత్తో రాసుకోవడానికి. చివరికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

దశ 1: డేటా శుభ్రం చేయడం

మొదటి రెండు వారాలు దీనికే పోయాయి. చేసిన తప్పులు వరుసగా రాస్తున్నాను.

1. స్టేటస్ గడి. రేసు పూర్తి చేసినవాళ్లు కావాలని ‘ఫినిష్‌డ్’ అని ఉన్న వరుసలే తీసుకున్నాను. కానీ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) వెనకబడి ముగించిన కారుకు ఆ గడిలో ‘+1 ల్యాప్’, ‘+2 ల్యాప్స్’ అని ఉంటుంది. దాంతో నెమ్మది కార్లన్నీ దారిలో ఆగిపోయినట్టు లెక్కకొచ్చాయి. 1995 అడిలైడ్ రేసు కనబడేదాకా ఈ తప్పు నా కంట పడలేదు. ఆ రోజు డేమన్ హిల్ గెలిస్తే, రెండో స్థానంలో ఉన్న ఒలివియే పానిస్ అతనికి రెండు ల్యాపులు వెనక ముగించాడు. నా ఫిల్టర్ ప్రకారం ఆ రేసు పూర్తి చేసింది ఒక్క మనిషి. ప్లస్ గుర్తుతో మొదలయ్యే స్టేటస్‌లన్నీ ‘పూర్తి’ కింద కలిపేయండి.

2. గ్రిడ్ (రేసు మొదట్లో కార్లు నిలబడే వరుస) సున్నా. పిట్ లేన్ (ట్రాక్ పక్కన జట్లు కార్లను సరిచేసే దారి) నుంచి మొదలుపెట్టిన డ్రైవరుకు గ్రిడ్ గడిలో 0 ఉంటుంది. నేను ‘ఎన్ని స్థానాలు ముందుకొచ్చాడు’ అని లెక్క వేస్తే, ఆ సున్నా పోల్ పొజిషన్ (గ్రిడ్ మీద మొదటి స్థానం) కంటే మెరుగ్గా కనబడింది. 2014 హంగరీలో హామిల్టన్ కారు క్వాలిఫయింగ్‌లో (గ్రిడ్ వరుస తేల్చే టైము పోటీలో) తగలబడింది. పిట్ లేన్ నుంచి మొదలుపెట్టి మూడో స్థానంలో వచ్చాడు. పోల్ నుంచి మొదలుపెట్టిన టీమ్‌మేట్ రోజ్‌బర్గ్ నాలుగో స్థానంలో వచ్చాడు. నా పట్టికలో హామిల్టన్ మూడు స్థానాలు పోగొట్టుకున్నాడని వచ్చింది. సున్నా ఉన్నచోట, ఆ రేసులో ఎన్ని కార్లున్నాయో ఆ అంకె పెట్టాను.

3. ఖాళీ గడులు. ఆ ఫైళ్లలో ఖాళీ చోట వెనక్కి వాలిన గీత, పక్కన ఒక అక్షరం ఉంటాయి. ఫైలు తెరిచేటప్పుడే దాన్ని ఖాళీగా గుర్తించమని చెప్పకపోతే ఆ నిలువు వరుస మొత్తం అంకెల బదులు అక్షరాలుగా మారిపోతుంది. సరిచేయడానికి ఒక లైను చాలు, కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

4. సగం పాయింట్ల రేసులు. మొత్తం ఆరు: 1975 స్పెయిన్, 1975 ఆస్ట్రియా, 1984 మొనాకో, 1991 ఆస్ట్రేలియా, 2009 మలేషియా, 2021 బెల్జియం. 2021లో బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో వానకు సేఫ్టీ కారు (ప్రమాదమున్నప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) వెనకే కాసిన్ని ల్యాపులు తిరిగి ఆపేశారు. వెర్‌స్టాపెన్‌కు 12.5, రస్సెల్‌కు 9 పాయింట్లు. ఎవరూ ఎవరినీ దాటని రోజు అది. ఆ రేసును నా లెక్కలోంచి తీసేశాను.

5. ఒకే కారు, ఇద్దరు డ్రైవర్లు. 1950లలో ఒకరి కారును మధ్యలో ఇంకొకరు తీసుకుని నడపొచ్చు. ఫాంజియో 24 గెలుపుల్లో రెండు (1951 ఫ్రాన్స్, 1956 అర్జెంటీనా) ఇలా పంచుకున్నవే. వాటికి అర గెలుపు ఇవ్వాలా, పూర్తి గెలుపా? నేను పూర్తి గెలుపే ఇచ్చి, నోటుబుక్కులో రాసుకున్నాను. అంకెలతో తేలే ప్రశ్న కాదిది. ఏదో ఒకటి నిర్ణయించుకుని ముందుకెళ్లాలి.

ఇప్పటిదాకా: 31 గంటలు. తీసేసిన రేసులు: 1.

దశ 2: గెలుపు శాతం

అందరూ మొదట చేసేది ఇదే. గెలిచిన రేసులను నడిపిన రేసులతో భాగించడం. 2024 చివరికి నాకు కనబడిన వరుసలో కొన్ని:

లీ వాలర్డ్: 2 రేసులు, 1 గెలుపు, 50 శాతం
ఫాంజియో: 51 రేసులు, 24 గెలుపులు, 47.1 శాతం
అస్కారీ: 32 రేసులు, 13 గెలుపులు, 40.6 శాతం
బిల్ వుకోవిచ్: 5 రేసులు, 2 గెలుపులు, 40 శాతం
జిమ్ క్లార్క్: 72 రేసులు, 25 గెలుపులు, 34.7 శాతం
వెర్‌స్టాపెన్: 209 రేసులు, 63 గెలుపులు, 30.1 శాతం
షూమాకర్: 306 రేసులు, 91 గెలుపులు, 29.7 శాతం
హామిల్టన్: 356 రేసులు, 105 గెలుపులు, 29.5 శాతం

వాలర్డ్ ఎవరంటే, 1951 ఇండియానాపొలిస్ 500 విజేత. 1950 నుంచి 1960 దాకా ఆ అమెరికా రేసు కూడా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భాగం. అక్కడ నడిపేవాళ్లు వేరు, కార్లు వేరు. యూరప్ నుంచి దాదాపు ఎవరూ వెళ్లేవారు కాదు. వుకోవిచ్ కూడా అక్కడివాడే. అందుకని ఆ 11 రేసులూ తీసేశాను. దాంతో అస్కారీ శాతం 41.9కి పెరిగింది, ఎందుకంటే 1952లో అక్కడికి వెళ్లి నడిపిన ఒకే ఒక్క యూరప్ డ్రైవరు అతనే. అతని నడకలో ఏమీ మారలేదు. నేను ఒక ఫిల్టర్ పెట్టాను, అతను ఒక శాతానికి పైగా ఎక్కాడు.

షూమాకర్ సంగతి ఇంకా తేటగా ఉంది. 2010 నుంచి 2012 వరకు తిరిగొచ్చి నడిపిన 58 రేసుల్లో ఒక్కటీ గెలవలేదు. అవి తీసేస్తే 248 రేసుల్లో 91, అంటే 36.7 శాతం. క్లార్క్ కంటే పైకి వెళ్తాడు. 41 ఏళ్ల వయసులో మళ్లీ పోటీకి దిగినందుకు అతని మార్కులు తగ్గించాలా? అలా తగ్గించే పట్టిక నాకు అక్కర్లేదనిపించి ఈ దశ మొత్తం పక్కన పెట్టాను.

ఇప్పటిదాకా: 38 గంటలు. తీసేసిన రేసులు: 12.

దశ 3: పాయింట్లు

పాయింట్ల పద్ధతి ఎన్నోసార్లు మారింది. 1961 నుంచి 1990 వరకు గెలిస్తే 9, 1991 నుంచి 10, 2010 నుంచి 25. కాబట్టి అన్ని సీజన్లనూ నేటి పద్ధతిలోకి మార్చాను. ఈ పని పద్ధతి ప్రకారం సరైనదే అనుకున్నాను. 1988 దగ్గర ఆగిపోయాను.

ఆ ఏడాది మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది. ఒకే కారు, ఇద్దరు గొప్పవాళ్లు. డ్రైవర్లను పోల్చడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు. చేత్తో లెక్క వేసుకోండి:

1. ప్రోస్ట్: 7 గెలుపులు, 7 రెండో స్థానాలు, రెండు రేసులు పూర్తి కాలేదు. అప్పటి పద్ధతిలో 63 + 42 = 105.
2. సెన్నా: 8 గెలుపులు, 3 రెండో స్థానాలు, ఒక నాలుగు, ఒక ఆరు, ఒక పది. 72 + 18 + 3 + 1 = 94.
3. అప్పటి నియమం ప్రకారం మెరుగైన 11 ఫలితాలే లెక్క. సెన్నా 90, ప్రోస్ట్ 87. చాంపియన్ సెన్నా.
4. నేటి పద్ధతిలో, ఏదీ వదలకుండా: ప్రోస్ట్ 175 + 126 = 301. సెన్నా 200 + 54 + 12 + 8 + 1 = 275. చాంపియన్ ప్రోస్ట్, 26 పాయింట్ల తేడాతో.

డేటా అదే, పద్ధతి మారింది, గెలిచిన మనిషి మారిపోయాడు. అయినా నాలుగో లెక్క కూడా న్యాయం కాదు. పదకొండే లెక్కలోకి వస్తాయని తెలిసిన డ్రైవరు, రెండో స్థానం భద్రంగా తెచ్చుకోవడం కంటే గెలుపు కోసం తెగించడమే మేలనుకుంటాడు. నేటి నియమం కింద సెన్నా అలాగే నడిపేవాడా? ఆటగాడు నియమాన్ని చూసి ఆడతాడు. ఆట ముగిశాక నియమం మార్చి మార్కులు వేస్తే, అతను ఆడని ఆటకు మార్కులు వేసినట్టే.

1984 కూడా ఇలాంటిదే. లాడా 72, ప్రోస్ట్ 71.5. మొనాకోలో వాన వల్ల రేసు మధ్యలో ఆపేస్తే ప్రోస్ట్‌కు గెలుపు కింద 4.5 వచ్చాయి. రేసు పూర్తిగా జరిగి అతను రెండో స్థానంలో వచ్చినా 6 వచ్చేవి, మొత్తం 73 అయ్యేవి. లాడా ఆ రోజు అప్పటికే తప్పుకున్నాడు.

పాయింట్ల నిలువు వరుసను ఫైల్లోంచి తీసేయలేదు. ర్యాంకు కట్టే ఫార్ములాలోంచి మాత్రం తీసేశాను.

ఇప్పటిదాకా: 52 గంటలు.

దశ 4: టీమ్‌మేట్‌తో పోలిక

కారు తేడా పోవాలంటే అదే కారు నడిపిన ఇంకో మనిషితో పోల్చాలి. దారి ఇదొక్కటే, మంచి దారే. అయితే ముందు అదృష్టం ఎంతో కొలిచి తీరాలి. నేను ఈ మెట్టు వదిలేసి నెల రోజులు పోగొట్టుకున్నాను.

1. ఇద్దరు డ్రైవర్లు అచ్చంగా సమానం అనుకోండి. ఏడాదికి 20 రేసులు. ఎవరు ముందుంటారన్నది బొమ్మా బొరుసే.
2. అలా ఆడితే 13–7 గానీ, అంతకంటే పెద్ద తేడా గానీ వచ్చే అవకాశం 26 శాతం.
3. 14–6 లేదా అంతకు మించి అయితే 11.5 శాతం. 15–5కి 4 శాతం.
4. 2024లో గ్రిడ్ మీద పది జట్లుండేవి. అందరూ సమానమే అయినా ఏటా రెండు మూడు జట్లలో ఒకడు ఇంకొకడిని 13–7తో ‘చితక్కొట్టినట్టు’ కనబడతాడు.

దీని తర్వాత 15–5 కంటే తక్కువ తేడాలన్నిటికీ ‘తేలలేదు’ అని రాశాను. పట్టికలో సగానికి పైగా జంటలు ఆ గడిలోకే వెళ్లాయి. చూడటానికి ఉసూరుమనిపిస్తుంది, కానీ నిజం అంతే.

అదృష్టంతో కొట్టిపారేయలేని జంట ఒకటి: మెక్‌లారెన్, 2010–2012, హామిల్టన్, బటన్. క్వాలిఫయింగ్‌లో 58 రేసులకు 44–14తో హామిల్టన్. గెలుపుల్లో 10–8తో హామిల్టన్. పాయింట్లలో 672–657తో బటన్. ఈ మూడూ ఒకే మూడేళ్ల కొలతలు.

పాయింట్లు అటెందుకు వెళ్లాయో ఒక్కో రేసూ చూసి రాసుకున్నాను. 2012 సింగపూర్: ముందు నడుస్తుండగా హామిల్టన్ గేర్‌బాక్స్ పోయింది. అబుదాబి: మళ్లీ ముందున్నప్పుడే ఇంధనం అందక ఆగాడు. స్పెయిన్: క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగం, ట్యాంకులో ఇంధనం చాలినంత లేదని చివరికి పంపారు. బెల్జియం: మొదటి మలుపులోనే వేరొకరు వచ్చి గుద్దారు. వీటిలో ఏదీ అతని చేతిలో లేదు. 2011లో మాత్రం అతను వేరే కార్లను తాకినవి చాలానే ఉన్నాయి, అవి అతని ఖాతాలోవే. ఆ ఏడాది బటన్ కెనడాలో ఆఖరి స్థానానికి పడిపోయి కూడా చివరి ల్యాపులో వెటెల్‌ను దాటి గెలిచాడు. ఇవన్నీ తీసి పక్కన పెట్టి ‘అసలు’ అంకె తేల్చాలంటే ప్రతి రేసు దగ్గరా నేను తీర్పరిగా కూర్చోవాలి. తీర్పు నాదైతే, దాన్ని గణాంకం అని పిలవడం తప్పు.

ఇక్కడే ఇంకో గొయ్యి. 2014లో రెడ్ బుల్‌లో రికార్డో 238, వెటెల్ 167. వెటెల్ అప్పటికి వరసగా నాలుగుసార్లు చాంపియన్. 2015లో అదే జట్టులో క్వియాట్ 95, రికార్డో 92. అంటే క్వియాట్ రికార్డో కంటే మేలు, రికార్డో వెటెల్ కంటే మేలు. ఇలా కలుపుకుంటూ పోతే క్వియాట్ నాలుగుసార్ల చాంపియన్ కంటే మేలని తేలాలి. 2016లో నాలుగు రేసులకే ఆ సీటు క్వియాట్ నుంచి తీసి వెర్‌స్టాపెన్‌కు ఇచ్చారు. పక్కనే కూర్చుని ఇద్దరి టెలిమెట్రీ (కారు పంపే సెన్సర్ అంకెలు) చూసే ఇంజనీర్లకు, నా టేబుల్లో లేనిది ఏదో కనబడే ఉంటుంది.

ఇప్పటిదాకా: 97 గంటలు. ఇందులో 40 గంటలు వృథా.

దశ 5: గొలుసు

వేర్వేరు కాలాల డ్రైవర్లను పోల్చడానికి టీమ్‌మేట్ల గొలుసు వాడతారు. హామిల్టన్ నుంచి ఫాంజియో దాకా నేను కట్టిన గొలుసు ఇది:

హామిల్టన్ – రోజ్‌బర్గ్ – షూమాకర్ – పికే – లాడా – రెగజోనీ – ఇక్స్ – జాక్ బ్రభమ్ – బ్రూస్ మెక్‌లారెన్ – ఫిల్ హిల్ – బ్రూక్స్ – మాస్ – ఫాంజియో.

పన్నెండు లింకులు. ఒక్కో లింకులో ల్యాప్ వేగం తేడా ±0.15 శాతం తప్పుతో తెలుసనుకుందాం. ఇది నేను పెట్టుకున్న ఊహ, అదీ ఉదారంగా. పన్నెండు లింకుల తప్పు కలిపితే 0.15ను 12 వర్గమూలంతో హెచ్చించాలి: ±0.52 శాతం. 90 సెకన్ల ల్యాపులో అది దాదాపు అర సెకను. ఆ అర సెకను ఇటూ అటూ జరిగితే గ్రిడ్ మీద వరుసే మారిపోతుంది.

తప్పు అంతటితో ఆగదు. గొలుసులో షూమాకర్ రెండు లింకుల్లోనూ ఒకే మనిషిగా కనబడతాడు. 1991లో పికే పక్కన నడిపింది కొత్తగా వచ్చిన కుర్రాడు. పికే అప్పటికి కెరీర్ చివర్లో ఉన్నాడు. 2010–2012లో రోజ్‌బర్గ్ పక్కన నడిపింది నలభై దాటిన మనిషి. ఆ మూడేళ్లలో పాయింట్లు 324–197తో రోజ్‌బర్గ్‌వి. ఈ రెండు లింకులను ఒక మనిషి మీద కలిపి బిగిస్తే, రోజ్‌బర్గ్ పికే కంటే ఎంతో పైకి వెళ్తాడు. వయసుకు ఒక సవరణ పెట్టి చూశాను. ఆ సవరణ అంకెను కొంచెం కదిపితే చాలు, మొదటి పదిమంది వరుస మారిపోతోంది. నేను పెట్టే అంకె మీద ఆధారపడే ఫలితాన్ని నేను నమ్మలేను.

ఇక్కడే ఇంకో తప్పు కూడా దొరికింది. ‘ఒకే కన్‌స్ట్రక్టర్ (కారు తయారీదారు) అయితే టీమ్‌మేట్లు’ అని కోడ్ రాశాను. 1961లో స్టిర్లింగ్ మాస్ లోటస్ కారే నడిపాడు, జిమ్ క్లార్క్ కూడా. కానీ మాస్‌ది రాబ్ వాకర్ సొంత జట్టు, పాత మోడల్ కారు. ఆ పాత కారుతోనే ఆ ఏడు మొనాకోలో ఇంజన్ బలం ఎక్కువున్న ఫెరారీలను వెనక ఉంచి గెలిచాడు. నా కోడ్ మాత్రం వాళ్లిద్దరిదీ ఒకే కారు అనుకుంది. 1950లు, 60ల జంటలన్నీ చేత్తో సరిచూసుకోండి. వేరే దారి లేదు.

ఇప్పటిదాకా: 121 గంటలు.

దశ 6: క్వాలిఫయింగ్ టైము

రేసులో అదృష్టం ఎక్కువ కాబట్టి ఒంటరిగా తిరిగే క్వాలిఫయింగ్ ల్యాపు వాడదామనుకున్నాను. పద్ధతి:

1. టైము తేడాను శాతంలోకి మార్చాలి. 0.3 సెకను 70 సెకన్ల ల్యాపులో 0.43 శాతం, 105 సెకన్ల ల్యాపులో 0.29 శాతం.
2. క్వాలిఫయింగ్‌లో మూడు సెషన్లు, నెమ్మదివాళ్లు మొదటి రెండింట్లో ఆగిపోతారు. ఇద్దరూ నడిపిన ఆఖరి సెషన్‌నే పోల్చాలి. ఒకడు మొదటి సెషన్‌లో ఆగిపోతే, ఇంకొకడి మూడో సెషన్ టైము వాడకూడదు. ట్రాక్ మీద రబ్బరు పడేకొద్దీ అందరికీ వేగం పెరుగుతుంది.
3. సగటు వద్దు, మీడియన్ (అంకెలను వరుసగా పేర్చితే మధ్యలో వచ్చేది) తీసుకోవాలి. ఒక్క పాడైన ల్యాపు సగటును లాగేస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా 2003 నుంచి 2009 వరకు అంకెలు చిందరవందరగా వచ్చాయి. వారం రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. ఆదివారం విజయవాడలో మా మావయ్య ఆటోనగర్ షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ పట్టిక చూపించాను. ఆయన ముప్పై ఏళ్లుగా లారీల పని చేస్తున్నారు.

“ఇది కారు ఎంత బరువుతో తిరిగినప్పటి టైమురా?” అన్నారు.

“బరువు ఇందులో లేదు మావయ్యా.”

“లోడు రాయకుండా మైలేజీ రాస్తే ఆ కాగితం చూసి డ్రైవర్ని ఎలా మెచ్చుకుంటావు, ఎలా తిడతావు?”

జవాబు అక్కడే ఉంది. ఆ ఏళ్లలో రేసు మొదటి భాగానికి కావలసిన ఇంధనం నింపుకున్నాకే, గ్రిడ్ తేల్చే ల్యాపు తిరగాలి. 2006 నుంచి 2009 వరకు చివరి సెషన్‌లో ఈ నియమం. ముందు పిట్‌కు వచ్చేవాడు తేలిక కారుతో తిరుగుతాడు, ఆలస్యంగా వచ్చేవాడు బరువు కారుతో. ఆ ఏళ్లకు చివరి సెషన్ వదిలేసి, రెండోది వాడాను. 2003–2005 అయితే మొత్తం వదిలేశాను.

2020లో ఫార్ములా వన్ సంస్థ, అమెజాన్ వెబ్ సర్వీసెస్ కలిసి ఇలాంటి లెక్కే 1983 నుంచి వేసి ప్రకటించాయి. సెన్నా, షూమాకర్, హామిల్టన్ మొదటి మూడు స్థానాల్లో, కోవలైనెన్ ఎనిమిది, ట్రుల్లీ తొమ్మిది. అభిమానులు మండిపడ్డారు. ఆ లెక్క కొలిచింది ఒక్క ల్యాపు వేగాన్నే. ట్రుల్లీ ఒక్క ల్యాపులో నిజంగానే గొప్ప, రేసులో మాత్రం నెమ్మదించి, అతని వెనక కార్లు బారులు తీరేవి. కోవలైనెన్‌కు పక్కన దొరికినవాళ్లలో హామిల్టన్, ఆ తర్వాత అదే ట్రుల్లీ ఉన్నారు. లెక్క తప్పని నేననను. దానికి ‘ఎవరు గొప్ప డ్రైవరు’ అనే పేరు తగిలించడమే తప్పు.

ఈ దశలో నాకు బాగా నచ్చిన వరుస 1997 హెరెజ్. విల్నవ్, షూమాకర్, ఫ్రెంట్‌జెన్ ముగ్గురిదీ ఒకే టైము: 1 నిమిషం 21.072 సెకన్లు. గడియారం వెయ్యో వంతు దాకా చూసి తేడా లేదంది.

ఇప్పటిదాకా: 158 గంటలు.

దశ 7: ఇండియానాపొలిస్, 19 జూన్ 2005

ఇది ఇంతకుముందు తీసేసిన ఇండియానాపొలిస్ 500 కాదు, అదే చోట జరిగిన ఫార్ములా వన్ రేసు. ఈ ఒక్క రేసు మీద పది గంటలు పెట్టాను. మన దేశం నుంచి మొదటి ఫార్ములా వన్ డ్రైవరు, కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ సాధించిన పాయింట్లన్నీ ఈ ఒక్క రేసువే: నాలుగో స్థానం, 5 పాయింట్లు. ‘ఈ కారుకు ఎన్ని పాయింట్లు రావాలి, ఎన్ని వచ్చాయి’ అనే ఫార్ములా నడిపితే అతను, టీమ్‌మేట్ మాంటీరో ఇద్దరూ ఆ ఏడాది పట్టికలో చాలా పైకి వచ్చారు. వాళ్ల జోర్డాన్ జట్టు ఆ ఏడాది తెచ్చుకున్న 12 పాయింట్లలో 11 ఆ రోజువే.

జరిగింది ఏమిటంటే, 13వ మలుపు దగ్గర మిషెలిన్ టైర్లు తట్టుకోలేవని తేలింది. ఫార్మేషన్ ల్యాప్ (రేసు మొదలయ్యే ముందు తిరిగే చుట్టు) కాగానే ఆ టైర్లున్న 14 కార్లూ పిట్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరే మిగిలాయి: రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. ముగించింది కూడా అదే వరుసలో.

‘పది కంటే తక్కువ కార్లు ముగిస్తే రేసు తీసేయి’ అని నియమం రాశాను. వెంటనే 1996 మొనాకో పోయింది. 14వ స్థానం నుంచి మొదలుపెట్టి పానిస్ గెలిచిన వాన రేసు అది, గీత దాటినవి మూడే కార్లు. అక్కడ మిగతావాళ్లు నడుపుతూ పడిపోయారు, ఇక్కడ మిగతావాళ్లు నడపనే లేదు. ఈ తేడా అంకెల్లో రాదు. నియమం తీసేసి, ఇండియానాపొలిస్‌ను పేరు పెట్టి పక్కన పెట్టాను.

అలా పక్కన పెడితే నారాయణ్‌కు సున్నా మిగులుతుంది. ఆ సున్నా కూడా అతని కొలత కాదు. 2011, 2012లో అతను నడిపిన హెచ్‌ఆర్‌టీ గ్రిడ్ మీద అట్టడుగు కారు. ఆ రెండేళ్లూ మొదటి రేసుకు 107 శాతం నియమం (క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగమైన టైముకు 107 శాతం లోపు రావాలి) దాటలేక అర్హతే రాలేదు. చెన్నైకి చెందిన కరుణ్ చాందోక్ 2010లో అదే జట్టుతో మొదలుపెట్టాడు. ఆ కార్లో పాయింటు తేవడం ఎవరికైనా సాధ్యమా అన్నది నా డేటాతో చెప్పలేను. ఐదు అని రాసినా అబద్ధం, సున్నా అని రాసినా అబద్ధం.

ఇప్పటిదాకా: 168 గంటలు. తీసేసిన రేసులు: 13.

దశ 8: కారణం గడి

ఇది నేను సగంలో ఉన్న పని. ప్రతి గెలుపుకు, ప్రతి నిష్క్రమణకు పక్కన ‘ఎందుకు’ అని ఒక గడి కలుపుతున్నాను, చేత్తో. కారణం ఏమిటంటే:

2002 ఆస్ట్రియా: షూమాకర్ గెలుపు. రేసంతా ముందున్న బారికెల్లో జట్టు ఆదేశం మీద గీత దగ్గర దారి ఇచ్చాడు.
2008 సింగపూర్: అలోన్సో గెలుపు, 15వ స్థానం నుంచి. టీమ్‌మేట్ పికే జూనియర్ వరుసలో ‘యాక్సిడెంట్’ అని ఉంది. అది కావాలని గోడకు గుద్దింది అని మరుసటి ఏడు బయటపడింది.
2023 హైదరాబాద్, ఫార్ములా ఈ (కరెంటు కార్ల పోటీ): ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున నేను కంచె పక్కన నిలబడి చూసిన రేసు. పోల్ నుంచి మొదలుపెట్టిన మిచ్ ఎవాన్స్‌ను అతని టీమ్‌మేట్ శామ్ బర్డ్ గుద్దాడు. ఇద్దరూ తప్పుకున్నారు. ఫలితాల కాగితంలో ఇద్దరిదీ ఒకే మాట. జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో బ్యాటరీ అడుగంటుతున్నా కాసిడీని వెనకే ఉంచి గెలిచాడు. ఆ కాగితంలో అతని పక్కన ఉన్నది ‘1’ అనే అంకె ఒక్కటే.

ఈ గడి నింపాలంటే ఒక్కో రేసుకు ఇరవై నిమిషాలు పడుతోంది. మిగిలిన 1,112 రేసులకు అది 370 గంటలు. ఇప్పటికి 64 చేశాను.

ఇప్పుడున్న స్థితి

ర్యాంకుల పట్టిక తీసేశాను. దాని బదులు ఫైల్లో ఉన్నవి:

1. ఒకే జట్టు, ఒకే ఏడాది, ఇద్దరు డ్రైవర్లు. క్వాలిఫయింగ్ తేడా మీడియన్, దాని తప్పు హద్దు. హద్దు సున్నాను తాకితే ‘తేలలేదు’.
2. రేసు ఫలితాల్లో ఎవరు ముందు, అందులో కారణం గడి నిండినవి ఎన్ని.
3. రెండు లింకుల కంటే పొడవైన గొలుసుతో చేసిన పోలికలు లేవు. కోడ్ వాటికి జవాబివ్వదు.

మీరు మొదలుపెడితే కారణం గడితోనే మొదలుపెట్టండి, ఫార్ములాతో వద్దు. 1996 నుంచి జరిగిన రేసులకు ల్యాపు ల్యాపు టైములు దొరుకుతాయి కాబట్టి అటునుంచి వెనక్కి రండి. నేను 1950 నుంచి ముందుకు రావడం వల్ల ఎక్కువ ఆలస్యమైంది.

నారాయణ్ కార్తికేయన్ 2005 వరుసలో ర్యాంకు గడి ఖాళీగానే ఉంచాను. కారణం గడిలో రాసినది ఇది: ‘ఆరు కార్ల రేసు. టైర్ల వల్ల 14 కార్లు మొదలుపెట్టలేదు. తన కారును చివరిదాకా తీసుకొచ్చాడు.’

మొత్తం: 191 గంటలు.